తొలికాపు సారె

నమోదు 1
వంపు: లేదు

తూకం డ్యూటీలో అంకెలు మాత్రమే రాయాలని నియమం. అంకెలు ధర్మకాంటా ఎలాగూ రాసుకుంటుంది. మా ఊరు అంతరిక్షంలో తిరిగే ఒక పెద్ద చక్రం, దాని బరువు చూసే యంత్రానికి మా పెద్దలు పెట్టిన పేరు అది. దాని అంకెలు నేను మళ్ళీ రాస్తే ఇద్దరికీ నామోషీ. అందుకని నా పద్ధతి నాది. పొద్దున్నే పళ్ళెంలో గరిటెడు చారు పోసి బల్ల మీద పెడతాను. చారు నడిమధ్య నిలబడితే చక్రం సరిగ్గా తిరుగుతున్నట్టు. ఒక పక్కకి జారితే ఎవరో ఎక్కడో బరువు తెచ్చి పెట్టినట్టు. చూడడం అయ్యాక చారు తాగేస్తాను.

నా డ్యూటీలో ఇంతవరకు వంపు వచ్చింది ఒక్కసారే. ఒక పెళ్ళిలో గ్రూప్ ఫోటో కోసం చక్రంలోని జనమంతా ఒకే వీధిలో నిలబడ్డారు. ఫోటోలో అందరూ కొంచెం పక్కకి ఒరిగి ఉంటారు, పెళ్ళికొడుకు మరీ ఎక్కువ.

ఇవాళ మా మేనత్త నాంచారమ్మ కబురు పెట్టింది, ఉన్నపళంగా తోటకి రమ్మని. ఆవిడ ఉన్నపళంగా రమ్మంటే నీళ్ళ కాలువైనా పూడి ఉండాలి, పొరుగావిడతో మాటైనా పోయి ఉండాలి. వెళ్ళేసరికి అత్త పెద్ద ఓక్ చెట్టు కింద మెడ వెనక్కి విరుచుకుని నిలబడి ఉంది. చెట్టు నిండా పచ్చటి కాయలు. ఒక్కో కాయ నెత్తిన చిన్న గిన్నెలాంటి టోపీ. పక్క చెట్టుకీ అంతే, దాని పక్కదానికీ అంతే.

ఈ తోట కథ చక్రంలో అందరికీ తెలుసు. మొదట వచ్చినవాళ్ళంతా కోనసీమ వాళ్ళు. కొబ్బరి మొక్కలు కావాలని రాసి పంపారు. ఓడలో దిగిన పెట్టె విప్పితే ఓక్ విత్తనాలు. తిప్పి పంపితే ఇంకో ఓడ ఎప్పుడొస్తుందో తెలియదు. అప్పుడే పెళ్ళై కొత్తగా వచ్చిన నాంచారత్త, పారేయడం ఎందుకని పాతిపెట్టింది. ముప్పై ఏళ్ళుగా ఆ చెట్లు నీడ ఇచ్చాయి, ఆకులు రాల్చాయి, కాయ మాత్రం కాయలేదు. అత్త ఎదురుపడితే చాలు, కొబ్బరి పచ్చడి ఎప్పుడు పెడతావని అడగడం చక్రంలో ఒక ఆచారం అయిపోయింది. ఆవిడ నవ్వేసేది. ఆ నవ్వు నాకు ఎప్పుడూ బాగుండేది కాదు.

ఇవాళ మాత్రం అత్త నవ్వలేదు. కొంగుతో ముక్కు తుడుచుకుని, మెడ పట్టేసిందని చెప్పింది.

నమోదు 2
వంపు: లేదు

కాయలు ముదురు రంగు తిరిగి రాలుతున్నాయి. అన్ని చెట్లూ ఒకేసారి ఎందుకు కాశాయని ధర్మకాంటాని అడిగాను. ఓక్ చెట్లు ఏళ్ళ తరబడి ఊరుకుని, ఏదో ఒక ఏడు అన్నీ కలిసి విరగకాస్తాయట. అలా అయితే తినేవాళ్ళు ఎంత తిన్నా కొన్ని మిగిలి మొలుస్తాయి. భూమ్మీద ఉడుతలు ఆ కాయల్ని ఎక్కడెక్కడో దాచిపెట్టి, దాచిన చోటు మరిచిపోతాయని కూడా చెప్పింది. మా దగ్గర ఉడుతలు లేవు కాబట్టి ఆ బెడద లేదని రాసుకున్నాను.

కాయ కొరికి చూశాను. వగరు. నాలుక మూట కట్టుకుపోయింది, మధ్యాహ్నం దాకా విప్పుకోలేదు. అత్త మాత్రం పట్టు వదల్లేదు. పెచ్చు తీసి, గింజ దంచి, నీళ్ళలో నానబెట్టి, ఆ నీళ్ళు గోధుమరంగు తిరిగినప్పుడల్లా వంపేసి కొత్తవి పోసింది. ఎన్నిసార్లు పోసిందో ఆవిడకే తెలియదు. నీళ్ళు తేటగా మిగిలిన రోజున పిండి ఆరబెట్టి, వాము వేసి కలిపి, జంతికలు వేసింది.

చక్రంలో మా తిండి సంగతి ఇక్కడ చెప్పాలి. తొట్టెల్లో పెరిగే నాచు పిండి, దిగువ వాడ గుమ్మడికాయ, పెరుగు, పొడి పాకెట్లో వచ్చే చారు. బలానికి లోటు లేదు. కానీ అన్నీ మెత్తన. పళ్ళున్న మనిషికి పని కల్పించే పదార్థం ఒక్కటీ లేదు. అత్త జంతిక విరిచినప్పుడు వచ్చిన చప్పుడుకి పక్కింటి తలుపులు తెరుచుకున్నాయి. మా పాత లెక్కల మేష్టారు ఒకటి నమిలి, కళ్ళు మూసుకుని, ఇంకోటి అడిగి, తర్వాత ఏడ్చారు. కొబ్బరి పచ్చడి మాట ఎవరూ ఎత్తలేదు.

నమోదు 3
వంపు: చారు నడిమధ్య నుంచి కదిలింది

చక్రంలో ఉన్నవి రెండు వాడలు. ఎగువ వాడ మాది, దానికి సరిగ్గా అవతలి వైపున దిగువ వాడ, రెంటికీ నడుమ తోట. తల ఎత్తి చూస్తే మన నెత్తిమీద వాళ్ళ పెరళ్ళు తలకిందులుగా కనిపిస్తాయి. వాళ్ళకి మనవీ అంతే. ఎవరింట్లో ఏం ఎండబెట్టారో, ఏ చీర ఆరేశారో ఎవరూ దాచుకోలేరు.

కాయలు జోరుగా రాలిన వారం దిగువ వాడ అంతా పెళ్ళిపనుల్లో ఉంది. వాళ్ళ వాడ పెద్ద గనిరాజుగారి కూతురి పెళ్ళి. భోజనాలకి మేమూ వెళ్ళాం. వెళ్ళేముందు ఒకసారి, వచ్చాక ఇంకోసారి, తోటలో కాయలు ఏరాం. వాళ్ళు పందిరి విప్పి తోటకి వచ్చేసరికి టోపీలు మాత్రమే మిగిలాయి.

గనిరాజుగారు ఒక టోపీ తీసుకుని కాసేపు తిప్పి చూసి, జేబులో వేసుకుని వెళ్ళిపోయారు. ఆ ఖాళీ టోపీ నాకు గుచ్చుకుంది.

నమోదు 4
వంపు: చారు పళ్ళెం అంచుకి చేరింది

పిడికెడు కాయలకి చక్రం ఒరగదు. మా వాడలో ఎవర్ని అడిగినా పిడికెడే ఏరామన్నారు. ధర్మకాంటాకి ఇళ్ళలోకి చూసే కళ్ళు లేవు, అది మా పెద్దలు పెట్టిన షరతు. అందుకని నేనే ఇంటింటికీ తిరిగాను.

మొదటి ఇంట్లో కాయల ఊసే తెలియదన్నారు. నేను మంచం మీద కూర్చుంటే కింద గలగలమంది. రెండో ఇంట్లో అటక వంగిపోయి ఉంది. అది ఎప్పుడూ అంతేనని చెప్పారు, చెబుతూ ఒక చేత్తో దాన్ని పట్టుకునే ఉన్నారు. మూడో ఇంట్లో స్నానాల గది వాడకూడదన్నారు. ఎందుకంటే డ్రమ్ముల నిండా నీళ్ళు, నీళ్ళలో దంచిన గింజలు నానుతున్నాయి. నాకప్పుడు అర్థమైంది, బరువు కాయలదొక్కటే కాదు. వగరు పోవడానికి వాడంతా డ్రమ్ముల్లో నీళ్ళు పట్టి పెట్టుకుంది. దిగువ వాడ వాళ్ళ కంట పడకుండా పెరట్లో కాకుండా ఇళ్ళలోపల పెట్టుకుంది.

ఇంటికొచ్చి మా ఆవిడ ఇందుమతితో మనుషుల దురాశ గురించి చాలాసేపు మాట్లాడాను. ఆవిడ శ్రద్ధగా వింది. తర్వాత కుర్చీ ఎక్కి అటక మీంచి ఏదో తీయబోతే, ఓక్ కాయలు నా నెత్తిన వానలా కురిశాయి. ఇదేమిటంటే, తూకం ఆఫీసరు ఇంట్లోవి లెక్కలోకి రావనుకుందట.

నమోదు 5
వంపు: చారు పళ్ళెం దాటి బల్ల మీదికి వచ్చింది

ధర్మకాంటా నుంచి ఉత్తర్వు వచ్చింది. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

"సవినయంగా తెలియజేయడమేమనగా, చక్రం ఎగువ వాడ వైపు ఒరిగియున్నది. సరిచేయు నీటి పంపులు తమ శక్తి మేరకు పోసినవి. ఒరిగియున్న చక్రమునకు సరుకుల ఓడ అంటుకొనజాలదు. కదిలించదగినవియు, ఓటు హక్కు లేనివియు అగు వస్తువులలో మిక్కిలి బరువైనది తోటలోని పెద్ద ఓక్ వృక్షము. ఓడ రాకమునుపు వంపు పోనియెడల, దానిని ఖండించి దుంగలను దిగువ వాడకు తరలించెదము. కలిగిన అసౌకర్యమునకు చింతించుచున్నాము."

అత్తకి ఇది చెప్పడానికి వెళ్ళాను. దారిలో మూడు రకాలుగా మొదలుపెట్టి చూసుకున్నాను, ఒకటీ బాగాలేదు. చివరికి ఉత్తర్వు చదివి వినిపించాను. ఆవిడ పెద్ద ఓక్ మొదట్లో కూర్చుని ఉంది, ఒళ్ళో చేటలో కాయలు.

"కాయలేదని ముప్పై ఏళ్ళు ఎన్ని మాటలన్నార్రా దీన్ని," అంది. "ఇప్పుడు కాసిందని నరికేత్తారా?"

నాకు ఏడుపొచ్చింది, తూకం ఆఫీసరు ఏడవకూడదని ఏ నియమంలోనూ లేదు. ఇంటికి వెళ్ళి మైకులో విజ్ఞప్తి చేశాను, కాయలు దాచినవాళ్ళు దయచేసి దిగువ వాడకి పంపించాలని, పేర్లు అడగబోమని. అందరూ విన్నారు. దాచినవాళ్ళు ఎవరో గాని సిగ్గులేనివాళ్ళని అందరూ అనుకున్నారు. చారు బల్ల మీద ఇంకో జానెడు జారింది.

నమోదు 6
వంపు: చారు నడిమధ్యకి వచ్చింది, అత్త చలవ

అత్త రాత్రంతా ఆలోచించిందో లేదో గాని పొద్దున్నే బొట్టుపెట్టె పట్టుకుని ఇంటింటికీ బయల్దేరింది. తన తోట తొలికాపు కాసిందని, ఆడపిల్లకి పంపినట్టు దిగువ వాడకి సారె పంపాలని, ఎవరి శక్తి కొద్దీ వాళ్ళు ఒక గిన్నెడు ఓక్ కాయలు గాని, పిండి గాని, జంతికలు గాని ఇవ్వాలని పిలిచింది. ఇవ్వలేనివాళ్ళు ఇవ్వక్కర్లేదని, వాళ్ళ వంతు పక్కింటివాళ్ళు ఇస్తారని ప్రతి గుమ్మంలోనూ చెప్పింది.

ఆ ఆఖరి మాట పనిచేసింది. పక్కింటివాళ్ళు మన వంతు ఇవ్వడమా? నేను తనిఖీకి వెళ్తే పిడికెడు లేవన్న ఇంట్లోంచి గుండిగ వచ్చింది. గుండిగ చూసి ఎదురింటివాళ్ళు గంగాళం దింపారు. అటక పట్టుకుని నిలబడ్డాయన రెండు గంగాళాలు మోయించాడు, మోసేవాళ్ళతో అందరికీ వినపడేలా, ఇంకా ఉన్నాయిగాని చేతులు చాల్లేదని చెప్పించాడు. ప్రతి గిన్నె మీదా ఇంటిపేరుతో సహా పేరు చెక్కి ఉంది. అది మారిపోకుండా చూడమని ప్రతి ఇల్లాలూ నాకు విడిగా అప్పగింతలు పెట్టింది.

మేళం లేదుగాని తక్కిన హంగంతా ఉంది. గనిరాజుగారు వాడ మొదట్లో ఎదురొచ్చి, కాళ్ళకి నీళ్ళిచ్చి, సారె దింపించుకున్నారు. జంతిక నములుతుంటే ఆయన ముఖంలో పాత కోపం కరగడం నేను కళ్ళారా చూశాను.

సాయంత్రానికి చారు పళ్ళెం మధ్యలో బుద్ధిగా కూర్చుంది. ఓడ వచ్చేలోపు చెట్టుకి గండం గడిచిందని అత్త కాళ్ళకి దణ్ణం పెట్టాను.

నమోదు 7
వంపు: చారు పోయడం మానేశాను

నా తెలివి తెల్లారినట్టే ఉంది. ఈ చక్రంలో పుట్టి పెరిగినవాణ్ణి, అరిటాకంత విషయం మరిచిపోయాను. మనవాళ్ళు ఖాళీ గిన్నె తిరిగి ఇవ్వరు.

మామూలుగా అయితే ఇచ్చిన గిన్నెలో చిటికెడు పంచదారైనా వేసి పంపుతారు. దిగువ వాడ వాళ్ళు పెళ్ళి చేసిన ఊపులో ఉన్నారు, పైగా మా ముందు తగ్గేది లేదనుకున్నారు. వాళ్ళకి పండేది గుమ్మడి. గుండిగకి ఒక గుమ్మడికాయ, గంగాళానికి మూడు. గుమ్మడికాయ పట్టని చిన్న గిన్నెల్లో పెరుగు పోసి, గిన్నె గుమ్మడికాయ మీద పెట్టి పంపారు. మా వాడ మునుపటికంటే ఎక్కువ ఒరిగింది. నేను ఇంట్లో గోడ పట్టుకుని నడుస్తున్నాను.

ఇంతలో మా వాడ ఆడవాళ్ళు గుమ్మడికాయల గంగాళాలు చూసి నొచ్చుకున్నారు. మనం పంపినదానికంటే ఎక్కువ వచ్చిందే, ఇప్పుడు మనం ఊరుకుంటే ఏం బాగుంటుందని మళ్ళీ గిన్నెలు నింపి పంపారు. చక్రం అటు ఒరిగింది. అటునుంచి మళ్ళీ వచ్చాయి. ఇటు ఒరిగింది. చక్రమంతా ఉయ్యాల ఊగుతుంటే పసిపిల్లలు మాత్రం హాయిగా నిద్రపోయారు. పిల్లలు గలవాళ్ళు ఇది ఇలాగే ఉంచడానికి వీలవుతుందా అని అడిగారు.

నేను గనిరాజుగారి ఇంటికి పరిగెత్తి, ఈ ఒక్కసారికి ఖాళీ గిన్నెలు పంపమని చేతులు పట్టుకున్నాను.

"ఖాళీ గిన్నె పంపమంటారేంటండి బాబూ," అన్నారాయన. నేనేదో బూతు అన్నట్టు చుట్టూ చూసి గొంతు తగ్గించారు. "మా ఇంట్లో ఆడోళ్ళు నన్ను గుమ్మం ఎక్కనిత్తారా? ఆ చెట్టు నరికితే నాకూ బాధేనండి, ఆయ్. ఇంకేదైనా చెప్పండి, చేత్తాను. ఇది మాత్రం నా వల్ల కాదు."

ధర్మకాంటాని గడువు అడిగాను. సరే అనలేదు. ఒకవేళ గిన్నెల పుణ్యమా అని వంపు పోయినా తనకి చాలదంది. దిగువ వాడకి వెళ్ళిన బరువు మళ్ళీ కదలదని హామీ కావాలంది. ఓడ కిటికీలోంచి చుక్కలా కనిపిస్తోంది. రంపం యంత్రం తోట గట్టు మీద నిలబెట్టారు.

నమోదు 8
వంపు: తర్వాత రాస్తాను

గిన్నెలు నింపడానికి మా ఆవిడ అటక మీద మిగిలిన కాయలు దింపింది. దింపి, గట్టిగా ఒక కేక పెట్టింది. కాయలు పగిలి తెల్లగా మొలకలు వచ్చేశాయి. ఇల్లంతా నానబెట్టిన డ్రమ్ముల తేమ, పైన అటక వెచ్చదనం, వాటికి ఇంకేం కావాలి? వాడలో ప్రతి అటకా మొలకెత్తింది. దాచుకున్నవి, మరిచిపోయినవి, మంచాల కిందివి, అన్నీ. మొలకొచ్చిన కాయ పిండికి పనికిరాదని మా ఆవిడ ఏడుపు ముఖం పెట్టింది.

ఒక చేటెడు మొలకలు తీసుకెళ్ళి అత్తకి చూపించాను. చెట్టుకి ఇదే ఆఖరు పూట, కనీసం దాని పిల్లలనైనా చూసుకుంటుందనుకున్నాను. అత్త ఒక మొలకని అరచేతిలో పెట్టుకుని చూసింది. తర్వాత నన్ను చూసింది. ఆ చూపు నాకు చిన్నప్పటినుంచీ తెలుసు, దాని తర్వాత నాకు పని పడుతుంది.

పెరట్లో మట్టి తవ్వించింది. తన ఇంటి పెద్ద గంగాళం నిండా పోయించింది. మొలక నాటి, నీళ్ళు చిలకరించి, నలుగురి చేత మోయించుకుని దిగువ వాడకి నడిచింది. వెనకాల వాడంతా కదిలింది, ఎవరి గంగాళం వాళ్ళు, ఎవరి మట్టి వాళ్ళు, ఎవరి మొలక వాళ్ళు. మట్టి పోయడంలో కూడా మావాళ్ళు ఎదుటివాళ్ళ గంగాళం చూసి గోపురం కట్టారు.

గనిరాజుగారు గుమ్మంలో నిలబడి ఆ వరసని చూసి బెంబేలెత్తారు. వాళ్ళ వాడలో గుమ్మడికాయలు అయిపోయాయి. ఇన్ని గంగాళాలు ఏం పెట్టి తిప్పి పంపాలో తెలియక చేతులు నలుపుకుంటున్నారు. అత్త ఆయన ముందు గంగాళం దింపించింది.

"ఇది తిని గిన్నె కడిగిచ్చేది కాదు అన్నయ్యగారూ," అంది. "పెంచాలి. దీని తొలికాపు వచ్చాక, ఆ కాయలు నింపి పంపండి మా గిన్నె. అప్పటిదాకా కదపకండి."

గనిరాజుగారు మొలక వంక చూశారు, తోట వైపు చూశారు, వేళ్ళు మడిచి ఏదో లెక్కపెట్టుకున్నారు. అది ఎంత కాలమో ఆయనకి అర్థమైంది. తన వయసూ అత్త వయసూ కూడా లెక్కలోకి వచ్చినట్టున్నాయి, కండువా తీసి భుజం మీద సర్దుకున్నారు.

"ఆయ్," అన్నారు. "నింపే పంపుతామండి. మా మనవలు పంపుతారు."

ధర్మకాంటాకి రాశాను: దిగువ వాడకి చేరిన గంగాళాలు తొలికాపు వరకు, అనగా సుమారు ముప్పై సంవత్సరములు, కదలవు. హామీ ఏమిటని అడిగింది. వాటిని ఖాళీగా తిప్పి పంపడం ఇక్కడ ఎవరి వల్లా కాదని, నింపడానికి కావలసినది ఇంకా కాయలేదని రాశాను. దానికది, స్థిర భారముగా నమోదు చేసుకొనడమైనది, రంపమును వెనుకకు పిలిపించడమైనది, కలిగిన అసౌకర్యమునకు చింతించుచున్నాము అంది. ఆ మాటకి మొదటిసారి నాకు దాని మీద కోపం రాలేదు.

నమోదు 9
వంపు: లేదు

ఓడ అంటుకుంది. సరుకులు దించారు. ఒక పెట్టె మీద కొబ్బరి మొక్కలు అని రాసి ఉంది. ముప్పై ఏళ్ళ క్రితం రాసిన అర్జీకి ఇప్పటికి జవాబొచ్చింది. విప్పి చూశాం, లోపల చెస్ట్‌నట్ విత్తనాలు. ఓక్ చెట్టుకి దగ్గర చుట్టమేనట. అత్త కొంగు నడుముకి దోపుకుని గునపం ఎక్కడని అడిగింది.

సాయంత్రం దిగువ వాడకి వెళ్ళాను, బరువులు చూసి రావడానికి. ప్రతి పెరట్లోనూ ఒక గంగాళం, మధ్యలో వేలెడు మొలక, రెండు ఆకులు. గనిరాజుగారి పెరట్లో ఆయన కూతురు కొత్త చీరలో, అత్త ఇచ్చిన గంగాళంలో నీళ్ళు పోస్తోంది. గంగాళం మీద మా అత్త పేరుందేమో, మట్టి అంటి మాసిపోకుండా తుడుద్దామని వంగాను.

పేరు కొత్తగా చెక్కించి ఉంది. నాంచారమ్మ అని లేదు. కోదండం అని నా పేరుంది.

వెనక్కి వచ్చి అత్తని అడిగాను, నీ గంగాళం మీద నా పేరు ఎందుకు చెక్కించావని. ఆవిడ పెద్ద ఓక్ కింద ఆకులు ఊడుస్తోంది, ఊడవడం ఆపలేదు.

"అది తిరిగొచ్చేటప్పటికి ఇంటి దగ్గర ఎవరుంటార్రా మరి?" అంది. "ఖాళీగా మాత్రం తీసుకోకు."

తీసుకోనని చెప్పాను. చీపురు అందుకుని మిగిలిన ఆకులు నేను ఊడ్చాను. ఇంటికి వచ్చి పళ్ళెంలో చారు పోశాను, నడిమధ్య నిలబడింది. ఇవాళ వెంటనే తాగబుద్ధి కాలేదు, కాసేపు చూస్తూ కూర్చున్నాను.